కిటికీల ప్రోగ్రాములు: కొత్తవారి చిక్కులు, వాని చరిత్ర



మీ యింట మనుమడో మనుమరాలో కంప్యూటరు ముందు కూర్చుండి, ప్రొద్దుపోవువఱకు ఏదో వ్రాసి, చెఱిపి, మరల వ్రాసి, తుదకు "ఈ విద్య నాకు రాదు తాతయ్యా" యని లేచిపోవుట మీలో కొందఱు చూచియే యుందురు. అట్టివేళ పెద్దలు సాధారణముగా రెండు మాటలలో నొకటి పలుకుదురు. "నీకు బుద్ధి కుదురు లేదు" అనునది మొదటిది. "మనకందని చదువు మనకేల, విడిచిపెట్టుము" అనునది రెండవది. ఈ రెండును న్యాయమైన తీర్పులు కావని చెప్పుటయే నా నేటి ప్రసంగమునకు ప్రయోజనము. పిల్లలు పడు చిక్కులలో పెక్కు వారి మందబుద్ధివలన పుట్టినవి కావు. ఆ విద్య నడచివచ్చిన త్రోవయందే అవి యున్నవి. ఆ త్రోవ చరిత్ర తెలిసినచో చిక్కునకు విఱుగుడును తెలియును.

నేను సంప్రదాయరీతిని వ్యాకరణము చదువుకొని, ముప్పదేండ్లకు పైగా తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. పిమ్మట మా యూరి పిల్లలు ఈ విద్యను అభ్యసించుచుండగా వారి ప్రక్కన పీట వేసికొని కూర్చుంటిని. వారికి ఎదురైన ప్రతి చిక్కును ఒక నోటుపుస్తకములో వ్రాసి యుంచితిని. ఏడాది గడచునప్పటికి తేలినదేమనగా, చిక్కులు వందలుగా కనబడినను వాని జాతులు నాలుగైదు మాత్రమే.

ముందుగా విషయమేమో తెలిసికొందము. మీ సేవా కేంద్రమునందు గాని, బ్యాంకునందు గాని గుమాస్తా ముందున్న తెరపై పలకవంటి చతురస్రములు తెఱచుకొనుట మీరు చూచినారు. వానిని విండోలు, అనగా కిటికీలు అందురు. వానిలో నొక్కుటకు మీటలును, పేరు వ్రాయుటకు గడులును, జాబితాలును ఉండును. బల్లమీది కంప్యూటరుపై ఇట్టి కిటికీలతో పనిచేయు ప్రోగ్రామును డెస్క్‌టాప్ అప్లికేషన్ అని పిలుతురు. ప్రోగ్రామనగా యంత్రమునకు మనము వ్రాసియిచ్చు ఆజ్ఞల వరుస.

పూర్వపు ప్రోగ్రాములు పురాణపఠనము వంటివి. పౌరాణికుడు ఆరంభశ్లోకము మొదలు మంగళము వఱకు తన క్రమముననే చదువుకొని పోవును. శ్రోత క్రమమును మార్చలేడు. 1964 మే 1వ తేదీన అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను గణితోపాధ్యాయులు బేసిక్ అను భాషను మొదటిసారి నడపిరి. శాస్త్రవిద్యార్థులు కానివారు సైతము కంప్యూటరును వాడుకొనవలెనని వారి సంకల్పము. అటుపిమ్మట పిల్లలు ఆ భాషలో వ్రాసిన ప్రోగ్రాములు తఱచుగా ఇట్లుండెడివి: యంత్రము "నీ పేరేమి?" అని యడుగును, మనుష్యుడు చెప్పును. "నీ వయస్సెంత?" అని యడుగును, చెప్పును. ప్రశ్న యంత్రముది, వరుస యంత్రముది. మనుష్యుడు బోనులో నిలిచిన సాక్షివలె అడిగినదానికి బదులు చెప్పవలెను. నేటికిని పిల్లల తొలిపాఠములు చాలచోట్ల ఈ పద్ధతిలోనే సాగుచున్నవి.

ఇంతలో మఱియొక ధార బయలుదేరెను. 1963లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఇవాన్ సదర్లండ్ అను విద్యార్థి వెలుగుకలముతో తెరపై బొమ్మలు గీయు స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును చేసెను. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చక్రములు గల చిన్న పెట్టెను చేతబట్టి తెరపైని గుఱుతును కదలించి విద్వాంసులకు చూపెను. నేటి మౌసునకు అది మూలపురుషుడు. 1970లో జెరాక్స్ కంపెనీ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో నొక పరిశోధనాలయమును నెలకొల్పెను. అచ్చట 1973లో ఆల్టో అను కంప్యూటరు సిద్ధమైనది. అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ మొదలగువారు ఆ యంత్రముపై స్మాల్‌టాక్ అను భాషను పెంచి, ఒకదానిపై నొకటి పఱచిన కాగితములవలె కనబడు కిటికీలను తెరపై నిలిపిరి. 1984 జనవరి 24న ఆపిల్ వారి మాకింటాషు, 1985 నవంబరు 20న మైక్రోసాఫ్టు వారి విండోస్ వెలువడినవి. ఇట్లు పరిశోధనాలయములలోని వింత క్రమముగా ఇంటింటి వస్తువాయెను.

ఈ మార్పు తెరపై అందము చేకూర్చిన మార్పు మాత్రమే యని తలపరాదు. దీనివలన అధికారము చేతులు మాఱినది. కిటికీల ప్రోగ్రామునందు వరుస నిర్ణయించువాడు మనుష్యుడు. అతడు ఏ మీటను ముందు నొక్కునో, ఏ గడిలో వ్రాయునో, నడుమ కిటికీని మూసివేయునో ప్రోగ్రాము ఎఱుగదు. కావున పౌరాణికుడుగా నుండిన ప్రోగ్రాము అంగడివాడుగా మాఱవలసి వచ్చెను. అంగడివాడు ఉదయమున తలుపు తీసి, సరకు సర్ది, గల్లాపెట్టె ముందు కూర్చుండి వేచియుండును. ఉప్పు అడిగినవానికి ఉప్పు, పప్పు అడిగినవానికి పప్పు ఇచ్చి మరల వేచియుండును. మనుష్యుడు చేయు ప్రతి నొక్కుడును, ప్రతి కదలికయు ఒక సందేశమై వరుసలో నిలుచును. ప్రోగ్రాము ఒక్కొక్క సందేశమును తీసికొని తగిన పని చేసి, మరల వరుసవైపు చూచును. ఈ చుట్టునే ఈవెంట్ లూప్ అందురు. కొత్తవారి చిక్కులలో మొదటి నాలుగును ఈ అధికారపు మార్పునుండి పుట్టినవే.

ఇది గొప్పవారిని సైతము తొలిపలకకు దింపిన మార్పు. 1978లో బ్రయన్ కెర్నిహన్, డెనిస్ రిచీ ప్రకటించిన సీ భాషా గ్రంథమున, తెరపై ఒక పలకరింపు వాక్యమును ముద్రించు మొదటి ప్రోగ్రాము కొద్ది పంక్తులలో ముగిసినది. 1988లో చార్లెస్ పెట్‌జోల్డ్ విండోస్ ప్రోగ్రాముల రచనపై నొక పెద్ద పుస్తకము ప్రకటించెను. అందలి పద్ధతిని కిటికీ తెఱచి అదే పలకరింపును చూపుటకు ఒక పుటకు మించిన వ్రాత కావలసివచ్చెను. సీ భాషలో ఆఱితేఱినవారు సైతము కిటికీల ముందు మరల ఓనమాలు దిద్దుకొనిరి. వారికే అట్లైనప్పుడు పదునేడేండ్ల పిల్లలు తడబడిరని నిందింపదగునా?

ఈ భారమును తగ్గించుటకు యత్నములు జరిగినవి. అలన్ కూపర్ అనునాతడు చేసిన నమూనాను మైక్రోసాఫ్టు వారు 1988లో కొని, దానిని బేసిక్ భాషతో జోడించి, 1991లో విజువల్ బేసిక్ అను పనిముట్టును వెలువరించిరి. అందు మీటలను, గడులను చేతితో లాగి కిటికీపై అమర్చుకొనవచ్చును. అరగంటలో చూడముచ్చటైన కిటికీ సిద్ధమగును. ఇల్లలుకగానే పండుగ కాదన్నట్లు, మీటను అమర్చినంతనే దాని వెనుక పని అమరదు. ముఖము సులభమైనను లోపలి న్యాయము అట్లే యుండెను.

ఇక చిక్కులకు వత్తము. మా యూరి బాలిక యొకతె పాలకేంద్రము లెక్కలకొఱకు ఒక ప్రోగ్రాము వ్రాయ బూనినది. ఎవరెన్ని లీటర్లు పోసిరి, ఎవరికెంత చెల్లింపవలెను అనునది కిటికీలో కనబడవలెనని ఆమె కోరిక. అంతకుముందు ఆమె పట్టణములో నొక శిక్షణాలయమున మూడునెలలు రుసుము చెల్లించి చదివినది. అచ్చట ఆజ్ఞలను కంఠస్థము చేయించిరే గాని, ఏల అట్లు వ్రాయవలెనో చెప్పరైరి. ఇక నాలుగు దినములు చూచి మానివేయుదునని నాతో చెప్పినది. ఆమె పైథాన్ అను భాషలో, కిటికీలు నిర్మించు టికింటర్ అను ఉపకరణముతో పనిచేయుచుండెను. పైథాన్‌ను గీడో వాన్ రోసమ్ 1991లో లోకమునకు విడుదల చేసెను. ఆమెకు ఎదురైన చిక్కులే మిగిలిన పిల్లలకును తఱచుగా ఎదురైనవి కావున ఆ వరుసనే చెప్పుచున్నాను.

మొదటి చిక్కు: ప్రోగ్రామును నడపగానే కిటికీ మెఱుపువలె మెఱసి మాయమగును, లేదా అసలు కనబడనే కనబడదు. కారణము సులభము. అంగడివాడు తలుపు తీసి, సరకు సర్ది, కూర్చుండక ఇంటికి పోయినాడు. పాతరీతి ప్రోగ్రాము చివరి పంక్తిని చేరగానే ముగియును. కిటికీల ప్రోగ్రాము చివరి పంక్తియందే తన అసలు జీవితమును ఆరంభింపవలెను. టికింటర్‌లో ఆ ఆజ్ఞకు మెయిన్‌లూప్ అని పేరు. దానిని వ్రాయ మఱచినచో వేచియుండువాడు లేడు. ఓర్చినమ్మకు తేటనీరు అను సామెత ఇచ్చట అక్షరాల చెల్లును.

రెండవ చిక్కు మఱింత చిత్రమైనది. మీట నొక్కక మునుపే పని జరిగిపోవును. తరువాత మీటను ఎన్నిసార్లు నొక్కినను ఏమియు జరుగదు. బాలిక ఈ చిక్కుతో రెండు దినములు పెనగులాడినది. మీటకు "నిన్ను నొక్కినప్పుడు ఈ పనిని పిలువుము" అని పని పేరు మాత్రము ఇవ్వవలెను. పేరు చివర కుండలీకరణపు గుఱుతులు చేర్చినచో అది పేరు కాదు, పిలుపగును. యంత్రము అప్పుడే ఆ పనిని చేసివేసి, మీటకు మాత్రము ఒట్టిచేయి చూపును. వడ్రంగి పేరును చీటిపై వ్రాసి "అవసరమైనప్పుడు పిలువుము" అని యిచ్చుట వేఱు. వీధిలో నిలిచి "ఓయి వడ్రంగీ, రమ్ము" అని కేకవేయుట వేఱు.

వ్యాకరణము చదివినవారికి ఈ భేదము పాతదే. శాస్త్రమున ఒక శబ్దమును పేర్కొన్నప్పుడు దాని యర్థమును గాక ఆ శబ్దరూపమునే గ్రహింపవలెనని పాణిని నియమించియున్నాడు. అగ్ని అను శబ్దమునకు ప్రత్యయము చేర్చుమన్నచో ఎవరును పొయ్యిలోని నిప్పునకు ప్రత్యయము చేర్పరు గదా. శబ్దమును పేర్కొనుట ఒకటి, దానితో పని జరిపించుట మఱియొకటి. ఈ మాట చెప్పగానే ఆ బాలిక నవ్వి, ఆ రెండు గుఱుతులను చెఱిపివేసినది. మీట పనిచేసినది. అప్పటినుండి ఆమె మానివేయుదునను మాట ఎత్తలేదు.

మూడవ చిక్కు: కిటికీ బిగిసిపోవుట. పిల్లలు దీనిని "హ్యాంగ్ అయింది" అందురు. బాలిక ప్రోగ్రామున "సంవత్సరపు లెక్క" అను మీట నొక్కగానే యంత్రము ఏడాది పొడవునను పోసిన పాలలెక్కలను ఒక్కొక్కటిగా చదువనారంభించెను. అంతవఱకు కిటికీ కదలదు, మూసికొనదు, పలుకదు. అంగడివాడు గల్లా విడిచి, వెనుకగదిలో బస్తాలన్నియు తూచుటకు పోయినాడన్నమాట. ముందఱ నిలిచినవారు పిలిచినను పలుకడు. విండోస్‌లో ఒక కిటికీ సుమారు 5 సెకండ్లు సందేశములను తీసికొనకుండినచో, ఇది బదులు చెప్పుట లేదని తెరపై ప్రకటన వెలువడును.

దీనికిని చరిత్ర కలదు. 1990లో వెలువడిన విండోస్ 3.0 నాటి పద్ధతిలో ప్రోగ్రాములన్నియు మర్యాదగా ఒకదాని కొకటి చోటు విడువవలెను. ఒక్కటి బిగిసినచో తక్కినవియు నిలిచిపోవును. 1995 ఆగస్టు 24న వెలువడిన విండోస్ 95తో, కొత్తరీతి ప్రోగ్రాములనుండి యంత్రమే కాలమును తీసికొని వంతులవారీగా పంచు నేర్పు సామాన్యుల బల్లమీదికి వచ్చెను. దానివలన ఒకరి బిగింపు ఇరుగుపొరుగువారిని చాలవఱకు బాధింపదు. కాని ఒకే ప్రోగ్రాము లోపల అంగడివాడు ఒక్కడే యను న్యాయము మాఱలేదు. మనుష్యుని ఓర్పునకును హద్దులు కలవు. జేకబ్ నీల్సన్ 1993లో ప్రకటించిన గ్రంథమున వానిని ఇట్లు చెప్పెను: 0.1 సెకండులోపల బదులు వచ్చినచో వెంటనే జరిగినట్లు తోచును. 1 సెకండు వఱకు ఆలోచన తెగదు. 10 సెకండ్లు దాటినచో మనస్సు వేఱొకచోటికి పోవును.

విఱుగుడు రెండు విధములు. కొద్దిసేపు ఆగి చేయవలసిన పనియైనచో, నిద్రించుమను ఆజ్ఞను వాడరాదు, అంగడివాడే నిద్రించును. "ఇంతసేపటికి నాకు జ్ఞప్తిచేయుము" అని చెప్పి మరల వేచియుండవలెను. టికింటర్‌లో ఆఫ్టర్ అను ఆజ్ఞ అందుకే యున్నది. దీర్ఘమైన పనియైనచో వెనుకగదికి ఒక పనివానిని నియమింపవలెను. అతనికి థ్రెడ్ అని పేరు. కాని హెచ్చరిక యొకటి కలదు. పనివాడు గల్లాపైని చిట్టాను ముట్టరాదు. అతడు బస్తాలు తూచి, చీటి వ్రాసి యొక బుట్టలో వేయవలెను. యజమాని నడుమనడుమ బుట్ట చూచి చిట్టాలో ఎక్కించును. ఇద్దఱి చేతులు ఒకే చిట్టాలో పడినచో లెక్క చెడును. అదియు ప్రతిదినము గాక అప్పుడప్పుడు మాత్రమే చెడును గావున దొంగను పట్టుట కష్టము. కిటికీని తాకు పని ప్రధానమైన ఆ ఒక్క వరుసయే చేయవలెనను నియమము పెక్కు ఉపకరణములలో కలదు.

నాలుగవ చిక్కు: తెరపై చూపిన లెక్క ఒకటి, దాచిన లెక్క మఱియొకటి యగుట, లేదా గీసిన బొమ్మ చెఱిగిపోవుట. దీనిని ముగ్గుతో పోల్చి చెప్పెదను. వాకిట ముగ్గు పెట్టిన యిల్లాలికి ఆ ముగ్గు నేలమీద నుండదు, మనస్సులో నుండును. వాన చెఱిపినను, ఎవరైన త్రొక్కినను చుక్కలు లెక్కపెట్టుకొని మరల పెట్టగలదు. పూర్వపు విండోస్ పద్ధతిలో ఒక కిటికీపై మఱియొక కిటికీ వచ్చి తొలగినచో, క్రిందిదానిపైని బొమ్మను యంత్రము సాధారణముగా జ్ఞాపకముంచుకొనెడిది కాదు. "మరల గీయుము" అని ప్రోగ్రామునకు సందేశము పంపెడిది. ఒకసారి గీసి ఊరకున్న కొత్తవారికి తెల్లని మచ్చయే మిగిలెడిది. 2007లో సామాన్యులకు అందిన విండోస్ విస్టా మొదలుకొని ప్రతి కిటికీ చిత్రమును యంత్రము వేఱుగా దాచు ఏర్పాటు వచ్చుటచేత ఆ మచ్చ తగ్గినది. అయినను కిటికీ పరిమాణము మార్చినప్పుడు మరల గీయవలసిన ధర్మము తప్పలేదు.

ఈ ధర్మమును సూత్రప్రాయముగా చెప్పినవాడు నార్వే దేశస్థుడైన త్రిగ్వే రీన్స్‌కౌగ్. ఆయన 1979 ప్రాంతమున పాలో ఆల్టోలోని పరిశోధనాలయమునకు అతిథిగా వచ్చి, సత్యమైన లెక్క యొకచోటను, దానిని చూపు తెర యొకచోటను, మనుష్యుని చేతలను అందుకొను భాగము మఱియొకచోటను ఉండవలెనని ఏర్పఱచెను. దీనికి మోడల్–వ్యూ–కంట్రోలర్ అని పేరు. మా బాలిక పాలలెక్కను కిటికీలోని గడులయందే దాచినది. ఎవరైన ఆ గడిలో పొరపాటున నొక అంకె చెఱిపినచో అసలు లెక్కయే పోయెడిది. పాలకేంద్రమున గోడమీది నల్లబల్లపై లెక్క చూపుదురు. కాని అసలు లెక్క పెట్టెలోని పుస్తకమున నుండును. ఈ పోలిక చెప్పినంతనే ఆమె లెక్కను వేఱు పట్టికగా చేసి, గడులను నల్లబల్లలుగా మాత్రము ఉంచినది.

అయిదవ చిక్కు మన తెలుగువారిది, అధికారపు మార్పుతో పుట్టినది కాదు. పిల్లలు వ్రాసిన తెలుగుపేర్లు ఒకప్పుడు డబ్బాలుగను, ఒకప్పుడు ప్రశ్నార్థకములుగను కనబడును. ఈ రెండును ఒకే రోగము కాదు. డబ్బాలు కనబడినచో సాధారణముగా అక్షరములు లోపల క్షేమముగా నున్నవి, వానిని చూపు అచ్చు, అనగా ఫాంటు, లేదు. ప్రశ్నార్థకములు కనబడినచో తఱచుగా అక్షరములే ఒక సంకేతమునుండి వేఱొకదానికి మాఱునప్పుడు నశించినవి. మొదటిదానికి ఫాంటు చేర్పవలెను. రెండవదానికి ఫైలును తెఱచునప్పుడును, వ్రాయునప్పుడును యూటీఎఫ్-8 అను సంకేతపద్ధతిని స్పష్టముగా పేర్కొనవలెను.

ఒకప్పుడు తెలుగు ఫాంట్లు పెక్కు తమతమ సంకేతములను తామే కల్పించుకొనెడివి. ఒకదానిలో వ్రాసినది మఱియొకదానిలో అర్థములేని గీతలయ్యెడిది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంచికలో తెలుగునకు 128 గడుల స్థానము లభించెను. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో నొక భోజనశాలయందు కూర్చుండి యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించిరి. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది.

అయినను ఒక చిక్కు మిగిలినది. లక్ష్మి అను పేరును బాలిక ప్రోగ్రాము 7 అక్షరములుగా లెక్కించి, గడి చాలదని సగమునకు త్రుంచివేసినది. మన చెవికి అది రెండక్షరములు. వ్యాకరణరీతిని విడదీసినచో ల్, అ, క్, ష్, మ్, ఇ అని ఆఱు వర్ణములు. యూనికోడునందు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతములు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి మూడేసి చొప్పున 21 బైట్లు. ఏది సరియైన లెక్క యనగా, ఏ పనికి ఆ లెక్క సరియైనది. మనుష్యునికి చూపునప్పుడు అక్షరములనే లెక్కింపవలెను. తెలుగు మొదలగు కొన్ని లిపులలో సంయుక్తాక్షరమును నడుమ విడదీయరాదను నియమము 2023లో వెలువడిన యూనికోడు 15.1 సంచికలో చేరినది. ముప్పదేండ్లకు పైగా లోకములోని విద్వాంసులు సవరించుకొనుచు వచ్చిన విషయమున ఒక పల్లెటూరి పిల్ల తడబడుట వింత యేమి?

చిక్కులను పట్టుకొను నేర్పును గూర్చి రెండు మాటలు చెప్పి ముగించెదను. ప్రోగ్రాములలోని దోషమును పురుగు అను నర్థము గల బగ్ అను మాటతో పిలుతురు. ఆ మాట యంత్రపు పనివారిలో అంతకుముందే కలదు. అయినను 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విద్యాలయపు మార్క్ 2 యంత్రమున నిజముగానే ఒక చిమ్మట చిక్కుకొనగా, దానిని తీసి దినచర్యపుస్తకములో అంటించిరి. 1949 మే 6న కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అను కంప్యూటరును మొదటిసారి నడపిన మారిస్ విల్క్స్ తన స్వీయచరిత్రలో ఒక సంగతి వ్రాసెను. ఆ రోజులలో ఒకనాడు మెట్లు ఎక్కుచుండగా, తన మిగిలిన జీవితమున మంచిభాగము తన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే సరిపోవునని ఆయనకు స్ఫురించెనట. ఆ విద్యకు ఆద్యులలో నొకడైన ఆయన అనుభవమే ఇది.

కావున పిల్లలు చేయవలసినది మూడు పనులు. యంత్రము చూపు దోషవాక్యమును భయపడక తుదివఱకు చదువవలెను. పైథాన్ భాషలో అసలు కారణము తఱచుగా చివరిపంక్తిలో నుండును. ఒకసారికి ఒక్క మార్పే చేసి చూడవలెను; నాలుగు మార్పులు కలిపి చేసినవానికి ఏది మందో, ఏది విషమో తెలియదు. మూడవది, చిక్కుపడిన భాగమును మాత్రము విడదీసి చిన్న ప్రోగ్రాముగా వ్రాసి చూడవలెను.

పెద్దలు చేయదగిన పనియు నొకటి కలదు. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ ప్రకటించిన ప్రోగ్రామర్ల పుస్తకమున ఒక చిత్రమైన ఉపాయము కలదు. చిక్కు తెగనప్పుడు బల్లమీద నొక రబ్బరు బాతును పెట్టుకొని, ప్రోగ్రామును పంక్తి పంక్తిగా దానికి వివరింపవలెనట. బాతునకు ఏమియు తెలియదు. కాని తెలియనివానికి చెప్పబూనినప్పుడు చెప్పువాడు దేనిని దాటవేయలేడు. దాటవేసినచోటనే తప్పు దాగియుండును. బడిలో పాఠము చెప్పినవారందఱును ఈ సంగతిని ఎఱుగుదురు.

మన యిండ్లలో రబ్బరు బాతులు లేకపోవచ్చును. తాతలు, అమ్మమ్మలు కలరు. మీకు కంప్యూటరు రాకపోవుట ఇచ్చట లోపము కాదు, అదియే మీ యర్హత. పిల్లవాడు విసిగి లేచినప్పుడు గదమాయింపకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ ప్రశ్నలడుగుడు. నీ ప్రోగ్రాము తలుపు తీసి వేచియున్నదా? మీటకు పేరు ఇచ్చితివా, పిలుపు ఇచ్చితివా? మీట నొక్కినప్పుడు జరుగు పని ఎంతసేపు పట్టును? అసలు లెక్క ఎక్కడ దాచితివి? అక్షరముల సంకేతము చెప్పితివా? జవాబు మీకు అర్థము కాకపోయినను బాధ లేదు. చెప్పుచుండగా వానికే అర్థమగును.

మా బాలిక ప్రోగ్రాము పూర్తియైనది. పాలకేంద్రములో దానిని వాడుచున్నారు. నేటికిని అందు చిన్నచిన్న లోపములు దొరకుచునే యున్నవి. ఆమె సవరించుచునే యున్నది. ఆమె నానమ్మకు అక్షరము రాదు. ప్రతి సాయంకాలమును వత్తులు చేసికొనుచు ఆమె చెప్పునది వినును. ఆ ప్రోగ్రామునకు ఆ వినికిడి ఎంత సాయము చేసినదో నేను కన్నులార చూచితిని. మీ యిండ్లలోని పిల్లలకును అట్టి శ్రోతలు లభింతురుగాక.